శిక్ష మరీ ఎక్కువ అనిపిస్తే: అప్పీలా, రెమిషనా, రాష్ట్రపతి క్షమాభిక్షా?

హైకోర్టులో కూడా యావజ్జీవం ఖాయమైందని తెలిసిన రోజున చాలా ఇళ్లలో వినపడే మాట ఒకటుంది: "ఇక రాష్ట్రపతికి పెట్టుకుందాం." పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు. కాకపోతే మామూలు హత్య కేసులో పడిన యావజ్జీవాన్ని తగ్గించే అధికారం రాష్ట్రపతి చేతిలో ఉండదు. రాజ్యాంగంలోని 72వ అధికరణ రాష్ట్రపతికి ఆ అధికారం ఇచ్చింది మూడు రకాల కేసుల్లోనే. సైనిక కోర్టులు వేసిన శిక్షలు, కేంద్రం పరిధిలోకి వచ్చే చట్టాల కింద పడిన శిక్షలు, ఉరిశిక్షలన్నీ. మిగతావి 161వ అధికరణ కింద గవర్నరు చూడాలి. ఢిల్లీకి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిన అర్జీ నెలల తర్వాత రాష్ట్ర హోంశాఖకే తిరిగొచ్చి పడుతుంది. ఈలోపు కోర్టు గడువులు దాటిపోతే నష్టం ఖైదీకే.

అందుకే అప్పీలు, రెమిషన్ (పడిన శిక్షాకాలాన్ని ప్రభుత్వం తగ్గించడం), క్షమాభిక్షల్లో ఏ దారి ఎవరికి పనికొస్తుందో, అందులో న్యాయం పాలు ఎంతో విడమరిచి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉరిశిక్ష పడిన కేసులో క్షమాభిక్ష అర్జీ పెట్టి తీరాలి. మిగతా కేసుల్లో దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఇక శిక్షలే కఠినంగా ఉన్నాయన్న సమస్యకు క్షమాభిక్ష మందు అంటే నేను ఒప్పుకోను.

ముందు అప్పీలు, తర్వాతే ఏదైనా

సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజుల గడువు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. పైగా ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు చేయకూడదు కాబట్టి, అప్పీలు వేసినా వేయకపోయినా ఫైలు ఎలాగూ అక్కడికి వెళ్తుంది. హైకోర్టు తర్వాత సుప్రీంకోర్టు, ఆ తర్వాత రివ్యూ (తన తీర్పును అదే కోర్టు మళ్లీ చూడటం), అదీ పోతే చివరి అవకాశంగా క్యూరేటివ్ పిటిషన్. ఉరిశిక్ష కేసుల్లో రివ్యూను బహిరంగ కోర్టులో వినాలని 2014 నుంచి నియమం ఉంది. అంతకుముందు అది జడ్జీల ఛాంబర్లలో కాగితాల మీదే తేలిపోయేది.

అప్పీలుకున్న గొప్ప గుణం, కోర్టు కారణాలు రాయాలి. శిక్ష ఎందుకు తగ్గించారో, ఎందుకు తగ్గించలేదో తీర్పులో ఉంటుంది, అందులో తప్పుంటే పై కోర్టులో పట్టుకోవచ్చు. డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు కూడా. జైల్లో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జైలు సూపరింటెండెంట్ ద్వారానే దరఖాస్తు పంపవచ్చు. చెర్లపల్లిలో ఉన్నా రాజమండ్రిలో ఉన్నా ఇదే పద్ధతి.

తీర్పు కాపీ చేతికి రాగానే చివరి పేరాలు చదవండి. "జీవితాంతం, రెమిషన్ లేకుండా" అనో, "25 ఏళ్ల వరకు విడుదల చేయరాదు" అనో రాసి ఉందా? చట్టమే అలా చెప్పిన కొన్ని నేరాల్లో తప్ప సెషన్స్ జడ్జికి అలా రాసే అధికారం లేదు. అది హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని 2015లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ ఒక్క వాక్యం మీద అప్పీలు వేయకపోతే, పద్నాలుగేళ్ల తర్వాత విడుదల జాబితా తయారుచేసేటప్పుడు అదే అడ్డుపడుతుంది. లాయర్లు కూడా దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టంతా కేసు కొట్టేయించడం మీదే ఉంటుంది.

రెమిషన్: పేపర్లో "సత్ప్రవర్తన" అని వచ్చేది ఇదే

ఆగస్టు 15 దగ్గర పడుతుంటే జైళ్లలో టెన్షన్ మొదలవుతుంది. జనవరి 26కి, గాంధీ జయంతికి కూడా అంతే. జీవో వస్తుందా, వస్తే అందులో మన సెక్షన్ ఉంటుందా అని. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. నిజానికి యావజ్జీవం అంటే చివరి శ్వాస వరకే. హత్యలాంటి నేరానికి యావజ్జీవం పడితే, పద్నాలుగేళ్లు అసలు జైలు పూర్తయ్యాకే ప్రభుత్వం విడుదలను పరిశీలించవచ్చు. ఈ నియమం 1978లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోకి వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 475వ సెక్షన్‌గా ఉంది. పద్నాలుగేళ్లకు పుట్టేది విడుదలయ్యే హక్కు కాదు, మన పేరు పరిశీలించమని అడిగే హక్కు. ఈ తేడా అర్థంకాక కుటుంబాలు మోసపోతుంటాయి. "లిస్టులో పెట్టిస్తా" అంటూ డబ్బు అడిగేవాడు మీకు తారసపడితే, ఆ లిస్టు నిబంధనల ప్రకారం తయారవుతుందని గుర్తుపెట్టుకోండి.

పరిశీలించేటప్పుడు చూడాల్సినవేంటో సుప్రీంకోర్టు 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో చెప్పింది. నేరం వ్యక్తిగతమైనదా, సమాజం మీద ప్రభావం చూపేదా? మళ్లీ చేసే అవకాశం ఉందా? చేయగల స్థితి పోయిందా? ఇంకా లోపల ఉంచితే ఉపయోగం ఏమిటి? కుటుంబ పరిస్థితి ఎలా ఉంది? ఖైదీకి శిక్ష పడిననాటి పాలసీ వర్తిస్తుంది, తర్వాత వచ్చింది ఇంకా ఉదారంగా ఉంటే దాని లాభం కూడా అతనికే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: పాలసీ ఉన్న రాష్ట్రంలో, అర్హత వచ్చిన ఖైదీ అర్జీ పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలి, కాదంటే కారణం రాసి అతనికి తెలియజేయాలి. చదువురాని, వెనక ఎవరూ లేని ఖైదీకి ఇంతకంటే పెద్ద మేలు ఈమధ్య జరగలేదు.

అలాగని రెమిషన్‌ను ఆకాశానికెత్తే పని లేదు. మన మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వెళ్లిన ఐఏఎస్ అధికారి జి.కృష్ణయ్య బీహార్‌లో గోపాల్‌గంజ్ కలెక్టరుగా ఉండగా, 1994 డిసెంబరు 5న ముజఫర్‌పూర్ దగ్గర ఒక గుంపు ఆయన్ని కొట్టి చంపింది. ఆ కేసులో మాజీ ఎంపీ ఆనంద్ మోహన్‌కు కింది కోర్టు ఉరి వేసింది, పాట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవాళ్లకు రెమిషన్‌లో మినహాయింపు ఇవ్వకూడదన్న నిబంధన బీహార్ జైలు మాన్యువల్‌లో ఉండేది. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ముక్క తీసేసింది. అదే నెలలో ఆనంద్ మోహన్ బయటికొచ్చాడు. కృష్ణయ్య భార్య సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. నిబంధన ఉంటే చాలదు, దాన్ని రాత్రికి రాత్రి మార్చే చేతులు కూడా ఉంటాయి.

బిల్కిస్ బానో కేసు కూడా చూడండి. 2002 గుజరాత్ అల్లర్లప్పుడు జరిగిన ఆ సామూహిక అత్యాచారం, హత్యల కేసులో యావజ్జీవం పడిన 11 మందిని 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం వదిలేసింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విచారణ జరిగి శిక్ష పడింది మహారాష్ట్రలో కాబట్టి ఆ నిర్ణయం గుజరాత్‌ది కానేకాదని చెప్పి, రెండు వారాల్లో లొంగిపొమ్మంది. ఈ రెండు కేసులూ రెమిషన్ వ్యవస్థకు మచ్చలే. అయినా ఒక విషయం గమనించాలి. రెండుచోట్లా జరిగిన తప్పు కాగితం మీద కనపడింది. ఏ నిబంధన మార్చారో, ఎవరు సంతకం పెట్టారో తెలిసింది. అందుకే బాధితులు కోర్టుకు పోగలిగారు.

రాష్ట్రపతి క్షమాభిక్ష: ఒకే కేసు, ఇద్దరు రాష్ట్రపతులు

1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సులో దోపిడీకి ప్రయత్నించి, పెట్రోలు పోసి నిప్పంటించిన ఘటన ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాళ్ల అర్జీని తిరస్కరించారు. పౌరహక్కుల సంఘాలు ఉద్యమం చేశాయి, మళ్లీ అర్జీ వెళ్లింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ఆ ఇద్దరి ఉరిని యావజ్జీవంగా మార్చారు.

నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు, చనిపోయినవాళ్ల సంఖ్య మారలేదు. మారింది పదవిలో ఉన్న మనిషి, ఆయన వెనకున్న ప్రభుత్వం. శర్మ పదవీకాలం ఇంకో ఏడాది ఉండి ఉంటే? ఈ ప్రశ్నకు తృప్తినిచ్చే జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ఆ ఇద్దరు బతకడం నాకు సంతోషమే. కానీ ఈ పద్ధతిని న్యాయం అనడానికి నోరు రావడం లేదు.

దానికి ముందు కథ ఇంకా చేదు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన కిష్టాగౌడ్, భూమయ్యలకు భూస్వాముల హత్య కేసులో ఉరిశిక్ష పడింది. అర్జీలు పోయాయి, విజ్ఞప్తులు పోయాయి. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వాళ్లను ఉరి తీశారు. (ఆ జైలు ఉన్నచోటే ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉంది.) ఒక అర్జీ తిరస్కరించినంత మాత్రాన రాష్ట్రపతి అధికారం అయిపోదని, మళ్లీ పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది వాళ్ల కేసులోనే. ఆ మాట వాళ్లకు పనికిరాలేదు.

రాష్ట్రపతి మనసు కరిగితే చాలనుకోవడం కూడా పొరపాటే. రాష్ట్రపతి కేంద్ర మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలని 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే అసలు నిర్ణయం హోంశాఖ ఫైలులో ఉంటుంది. రాష్ట్రపతి చేయగలిగింది ఫైలును ఒకసారి వెనక్కి పంపడం, లేదా పక్కన పెట్టి ఉంచడం. ఆ పక్కన పెట్టడమే ఎంతోమందికి శాపమైంది, కొందరికి వరమైంది. అబ్దుల్ కలాం అయిదేళ్లలో తేల్చింది రెండు అర్జీలే: ఒకటి తిరస్కరణ, ఒకటి మార్పు. ప్రతిభా పాటిల్ ముప్పై మందికి పైగా ఉరి తప్పించారు. అందులో ఒక ఖైదీ ఆ ఉత్తర్వు వచ్చేనాటికి అయిదేళ్ల ముందే చనిపోయాడు. ఆ సంగతి ఫైలు నడిపినవాళ్లెవరికీ తెలియలేదు. ప్రణబ్ ముఖర్జీ వచ్చాక వరసగా తిరస్కరణలు. ఏ ఖైదీ ఫైలు ఎవరి హయాంలో పైకి వచ్చిందన్నదే తేడా.

మరి క్షమాభిక్ష ఎందుకు ఉండాలి? కోర్టులు కూడా తప్పు చేస్తాయి కాబట్టి. 2009లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది, 1996 నాటి రావ్‌జీ తీర్పు ముందరి రాజ్యాంగ ధర్మాసనం మాటకు విరుద్ధంగా ఇచ్చిందని, దాన్ని పట్టుకుని మరికొందరికి ఉరి వేశారని. అప్పటికే రావ్‌జీని ఉరి తీసేశారు. 2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు రాష్ట్రపతికి లేఖ రాసి, అలా తప్పుగా ఉరిశిక్ష పడిన 13 మందిని కాపాడమని కోరారు. కోర్టు దారులన్నీ మూసుకున్నాక తప్పు దిద్దే చోటు అదొక్కటే. సాక్ష్యాన్ని రాష్ట్రపతి మళ్లీ సొంతంగా పరిశీలించవచ్చని, కోర్టు అభిప్రాయంతో విభేదించవచ్చని 1988లో కేహర్ సింగ్ కేసులో చెప్పారు. కాబట్టి అర్జీలో "దయచూపండి" అని నాలుగు పేజీలు రాసే బదులు, కోర్టు ముందుకు రాని విషయాలు పెట్టండి. నేరం జరిగిననాటి వయసు, మానసిక ఆరోగ్య రికార్డులు, సాక్ష్యంలో మిగిలిపోయిన అనుమానం, కేసు నడిచిన ఏళ్లు. హోంశాఖ మార్గదర్శకాల్లో చూసేవి కూడా ఇవే.

గడువుల సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 472వ సెక్షన్ ప్రకారం, సుప్రీంకోర్టులో ఓడిన విషయం జైలు సూపరింటెండెంట్ చెప్పిన 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. ముందు గవర్నరుకు, అక్కడ కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి. ఖైదీయే కాదు, బంధువులు కూడా పెట్టవచ్చు. రాష్ట్రం అభిప్రాయం అందాక కేంద్రం 60 రోజుల్లో సిఫారసు పంపాలి. అర్జీదారుకు రోజులు లెక్కగట్టిన చట్టం, రాష్ట్రపతికి మాత్రం ఏ గడువూ పెట్టలేదు. పైగా ఆ నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదంది. అయితే 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, కారణం లేని సుదీర్ఘ ఆలస్యం కూడా ఉరిని యావజ్జీవంగా మార్చడానికి చాలని చెప్పి 15 మందిని కాపాడింది. తిరస్కరణకూ ఉరికీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలంది. రాజ్యాంగం ఇచ్చిన ఆ రక్షణను మామూలు చట్టం తీసేయలేదన్నది నా అభిప్రాయం. తిరస్కరణ వస్తే ఆ 14 రోజులను వదలకండి.

గవర్నరు దగ్గర

161 కింద గవర్నరు కూడా రాష్ట్ర మంత్రివర్గం సలహాకు కట్టుబడాలి. కాబట్టి ఇక్కడ పలుకుబడి ఇంకా దగ్గరలో ఉంటుంది. ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరు, కర్నూలు జిల్లా కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డి మిగిలిన శిక్షను రద్దు చేశారు. ఆయన భార్య అప్పటికి ఎమ్మెల్యే. హతుడి కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ ఫైల్లో అధికారులు రాసిన నివేదికలో "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అన్న మాట కూడా బయటపడింది. 2006 అక్టోబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష ఇస్తే కోర్టు జోక్యం చేసుకుంటుందని ఏపూరు సుధాకర్ కేసుగా ఆ తీర్పును ఇవాళ దేశమంతా ఉదహరిస్తారు.

ఆలస్యానికి ఉదాహరణ తమిళనాడు నుంచి. రాజీవ్ గాంధీ హత్య కేసు ఖైదీ పేరరివాలన్ విడుదలకు 2018 సెప్టెంబరులో మంత్రివర్గం సిఫారసు చేస్తే, గవర్నరు తేల్చకుండా కాలం గడిపారు. చివరికి 2022 మే 18న సుప్రీంకోర్టే తన ప్రత్యేక అధికారంతో విడుదల చేసింది.

చట్టమే కఠినమైతే

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గంజాయి మూటలు మోసినవాడిని తీసుకోండి. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్లు, లక్ష రూపాయల జరిమానా. రెండు మూడు వేల కూలికి మూట మోసిన గిరిజనుడైనా, వ్యాపారం నడిపించినవాడైనా కనీసం అంతే. జడ్జికి జాలేసినా పదేళ్లలోపు రాయలేడు. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 32ఏ సెక్షన్ వల్ల ప్రభుత్వ రెమిషన్ కూడా ఉండదు. అప్పీల్లో శిక్ష తగ్గించమని అడిగేకన్నా తూకం, శాంపిళ్లు, 52ఏ కింద మేజిస్ట్రేటు ముందు జరగాల్సిన ప్రక్రియలో లోపాలు పట్టుకోవడమే మార్గం. అప్పీలు తేలేలోపు శిక్షను నిలిపివేసే అధికారం మాత్రం కోర్టుకు ఉంది, 2000లో దాదూ కేసులో ఆ మేరకు 32ఏను కొట్టేశారు. ఆపైన మిగిలేది రాజ్యాంగం ఇచ్చిన క్షమాధికారం. ఒకే రకంగా దెబ్బతిన్న ఇన్ని వందల మందిని ఒక్కొక్కరి అర్జీ చదివి ఎవరు బయటపడేస్తారు?

అమెరికాలో ఇదే ప్రశ్న వచ్చింది. క్రాక్ కొకైన్‌కు, పొడి కొకైన్‌తో పోలిస్తే నూరో వంతు బరువుకే అదే కనీస శిక్ష పడేది. దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. 2010లో ఆ నిష్పత్తిని 18కి తగ్గించారు, కానీ అప్పటికే జైల్లో ఉన్న పాతవాళ్లకు వర్తింపజేయలేదు. ఒబామా తన పదవీకాలంలో 1,715 మంది శిక్షలు తగ్గించారు, ఎక్కువ భాగం మాదకద్రవ్యాల కేసులే. అది పెద్ద సంఖ్యే, కానీ అర్జీలు పెట్టుకున్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు. 2018లో ఫస్ట్ స్టెప్ చట్టం వచ్చాకే పాత ఖైదీలు నేరుగా కోర్టుకు వెళ్లి కొత్త లెక్కతో శిక్ష తగ్గించమని అడగగలిగారు.

మన దగ్గరా అలాంటిది జరిగింది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష లేదనే ఐపీసీ 303వ సెక్షన్‌ను 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఆ సెక్షన్ కింద ఎవరూ రాష్ట్రపతిని బతిమాలుకోవాల్సిన పని లేకపోయింది.

మరి మీ ఇంట్లో ఎవరికైనా పడితే

ఉరిశిక్ష అయితే రివ్యూ, క్షమాభిక్ష, తిరస్కరణ మీద రిట్, అన్నిటికీ ఒకే లాయరు బృందం ముందునుంచీ కాగితాలు సిద్ధం చేయాలి. రాష్ట్రపతి అర్జీ రాసే పని చివరి వారానికి వదలొద్దు.

హత్య కేసులో యావజ్జీవం పడి ఎనిమిదీ పదేళ్లు గడిచి ఉంటే గవర్నరు అర్జీ మీద ఖర్చు పెట్టకండి. మీ దృష్టి పద్నాలుగో ఏడు మీద ఉండాలి. జైలు నుంచి నామినల్ రోల్ (ఖైదీ శిక్ష, ప్రవర్తన వివరాలుండే పత్రం) తీసుకుని, పెరోల్ ఆలస్యాలు, జైలు శిక్షలు ఏమైనా నమోదై ఉన్నాయా చూసుకోండి. విడుదల జాబితాలో పేరు ఆపేది సాధారణంగా ఆ గడుల్లో ఉన్న ఎర్రసిరా. శిక్ష పడిన తేదీ నాటి పాలసీ జీవో కాపీ దగ్గర పెట్టుకోండి.

గవర్నరు అర్జీ పనికొచ్చే కేసులు తక్కువే: నయంకాని జబ్బు, బాగా మీదపడిన వయసు, లేదా కోర్టు నిర్ణీత ఏళ్ల వరకు రెమిషన్ మూసేసిన శిక్ష. మూడో రకంలో 72, 161 తప్ప వేరే దారి ఉండదు. పెట్టేటప్పుడు జైలు ద్వారా పంపి రసీదు తీసుకోండి, ఆరు నెలలకు సమాచార హక్కు కింద ఫైలు ఎక్కడుందో అడగండి, ఏడాదికీ కదలకపోతే తేల్చమని హైకోర్టులో రిట్ వేయండి. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చెప్పదు కానీ, ఎటూ తేల్చకుండా కూర్చుంటే మాత్రం అడుగుతుంది.